వెల్డరు పీల్చే గాలి

పారిశ్రామికాభివృద్ధి చరిత్ర రాసేవారు ఎన్ని టన్నుల ఉక్కు తయారయిందో, ఎన్ని వంతెనలు లేచాయో, ఎన్ని ఓడలు నీళ్ళలోకి దిగాయో లెక్క చెపుతారు. ఆ ఉక్కును అతికినవాడు ఎటువంటి గాలి పీల్చాడనే ప్రశ్న ఆ లెక్కల్లోకి రాదు. వస్తే గిస్తే వైద్యుల గ్రంథాల్లోనో, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లోనో వస్తుంది. వాటిని చరిత్ర విద్యార్థులు సాధారణంగా తిరగెయ్యరు. నేను కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి. లోహశాస్త్రం నా విద్య కాదు. అయినా వెల్డింగు పొగను గురించి రాయబూనడానికి కారణం వున్నది. ఆ పొగను పుట్టినచోటనే పట్టి బయటికి పంపే ఉపాయం మనుషులకు చాలా కాలం నుంచీ తెలుసు. దాని ఖర్చు ఎవరు భరించాలన్న తగాదా మాత్రం ఈనాటికీ తేలలేదు. అది తేలేలోగా తరాల తరబడి కార్మికులు ఆ పొగను పీలుస్తూ వచ్చారు.

ముందు పొగ అనే మాట సంగతి చూద్దాం. మన వాడుకలో పొగ అంటే కట్టె కాలితేనో, పిడక కాలితేనో వచ్చేది. వెల్డింగు దగ్గర లేచేది ఆ జాతిది కాదు. రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య విద్యుత్తు దూకినప్పుడు పుట్టే వేడికి లోహం కరగడంతో ఆగదు, కొంత మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి గాలి తగలగానే అది ఆక్సిజనుతో కలిసి, చల్లబడి, సన్నని పొడి అవుతుంది. ఒక్కొక్క రేణువు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నది. ముక్కులోని వెంట్రుకలు గాని గొంతులోని తడి గాని దాన్ని పూర్తిగా పట్టలేవు. ఊపిరితిత్తుల అట్టడుగు అరల దాకా పోతుంది. ఈ పొడిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా రాడ్డులోంచి వచ్చేదే. అందులో ఇనుమూ, మాంగనీసూ, రాడ్డు పూతలోని ఫ్లోరైడులూ వుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే క్రోమియమూ నికెలూ వస్తాయి. జి.ఐ. పైపు అయితే పైపూతలోని జింకు కూడా దీనికి తోడవుతుంది. ఇవి చాలవన్నట్టు ఆ మెరుపు తగిలిన గాలిలోంచే ఓజోనూ, నైట్రోజను ఆక్సైడులూ పుడతాయి. ఇంత సరుకునూ కలిపి మనం పొగ అని ఒక్క మాటలో తేల్చేస్తున్నాము.

ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక గ్రంథం ప్రకటించాడు. రోగి దగ్గర కూర్చున్న వైద్యుడు అడగవలసిన పాత ప్రశ్నలకు తోడు మరొకటి చేర్చాలని అందులో కోరాడు: నీవు చేసే పని ఏది? చూడడానికి చిన్న ప్రశ్న. మూడు శతాబ్దాలు దాటినా మన ఆసుపత్రుల చీటీల మీద దానికి జాగా వుండడం అరుదు.

ఇంగ్లండులోని లీడ్సు నగరంలో చార్లెస్ థాక్రా 1831లో ఆ ప్రశ్ననే పట్టుకుని ఒక్కొక్క వృత్తినీ పరిశీలించాడు. ఇత్తడి పోతపోసేవారికి వచ్చే చలిజ్వరాన్ని ఆయన గుర్తించాడు. 1862లో గ్రీన్‌హౌ అనే వైద్యుడు బర్మింగుహాము ఇత్తడి కార్ఖానాల్లో ఆ జ్వరాన్ని ఇంకా వివరంగా వర్ణించాడు. ఇత్తడిలోని జింకు మరిగి లేచే తెల్లని పొగ దానికి మూలం. ఈనాడు జి.ఐ. పైపులు అతికే మన వెల్డరుకు వచ్చేదీ అదే జ్వరం. పగలు పని చేస్తున్నప్పుడు ఏమీ తెలియదు. సాయంత్రానికి నోరు తియ్యగా, లోహపు రుచిగా మారుతుంది, దాహం వేస్తుంది, రాత్రికి వణుకు పుట్టి జ్వరం కాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది.

ఈ జ్వరంలో వొక విచిత్రం వున్నది. రోజూ పొగ పీల్చేవాడికి అది రాదు, లేక తక్కువగా వస్తుంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి దిగినవాడికి వస్తుంది. అందుకే ఇంగ్లీషు కార్మికులు దీన్ని సోమవారం జ్వరం అన్నారు. 1927లో అమెరికాలో ఫిలిప్ డ్రింకరూ ఆయన సహచరులూ ప్రయోగం చేసి చూశారు. వరసగా రెండు రోజులు జింకు ఆక్సైడు పొగ పీల్చినవాడి శరీరం రెండో రోజుకు కొంత తట్టుకుంటుందని తేలింది. కార్ఖానాలలో దీనికి చెప్పుకున్న అర్థం ‘అలవాటయిపోతుంది’ అని. శరీరం మొర పెట్టడం మానేస్తే దాన్ని ఆరోగ్యంగా లెక్కగట్టారు. పరిశ్రమల చరిత్రలో ఇటువంటి లెక్కలు ఇంకా చాలా వున్నాయి.

అలవాటు పడనివాడికి పాలు తాగమని చెప్పడం పాశ్చాత్య కార్ఖానాల్లో ఆచారం. మన దగ్గర పాలకు తోడు బెల్లం. నేను ఎరిగిన ఒక వృద్ధ వెల్డరు ముప్ఫయి ఏళ్ళు ఆ పని చేశాడు. ‘‘బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఆ మసి జిగురుకు అంటుకుని కడుపులోకి దిగిపోతుంది మాస్టారూ’’ అని ఆయన నాకు చెప్పాడు. ఆయన వాదంలో తర్కం లేకపోలేదు. కాని అన్నం పోయే దారి వేరు, ఊపిరి పోయే దారి వేరు. ఊపిరితిత్తుల అడుగుకు చేరినదాన్ని బెల్లం పైకి తేలేదు. ఆ బెల్లం మాత్రం ఏళ్ళ తరబడి ఆయన పనిచేసిన చోటనే, యాజమాన్యమే పంచిపెట్టింది. పొగ లాగే గొట్టం కన్నా బెల్లం చవక అన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అనే మాట. ముసుగు ఇస్తే పెట్టుకోరు, గొట్టం ఇస్తే వాడరు అని యజమానులూ ఇంజనీర్లూ అంటారు. మనలో కొందరు కూడా ఆ మాటనే తిప్పి, కార్మికుల అజ్ఞానం పోగొట్టాలి అంటారు. దీనికి సమాధానం వెతకాలంటే వెల్డింగు పుట్టక ముందటి షెఫీల్డు నగరానికి వెళ్ళాలి.

షెఫీల్డు కత్తులకూ ఫోర్కులకూ పేరుపడిన ఊరు. తిరిగే సానరాయి మీద పొడిగా ఫోర్కులు నూరేవారు రాతిదుమ్మూ ఉక్కుదుమ్మూ పీల్చి ముప్ఫయి అయిదేళ్ళు నిండకుండా చనిపోయేవారని డాక్టరు నైట్ చెప్పిన సాక్ష్యాన్ని ఎంగెల్సు 1845లో తన పుస్తకంలో ఎత్తి చూపాడు. దుమ్మును లాగివేసే ఉపాయాలు అప్పటికే అక్కడ తయారయి వున్నాయి. కాని నూరేవారిలోనే కొందరు వాటిని వద్దన్నారనీ, అక్కడక్కడ పగలగొట్టారనీ ఎంగెల్సు దాచకుండా రాశాడు. ఎందుకు? ప్రాణభయం లేని పని అయితే ఆ పనిలోకి జనం ఎగబడతారు, కూలి పడిపోతుంది అన్నది వారి భయం. చావు దగ్గరగా వుండడమే వారి కూలి రేటును నిలబెడుతున్నది. దీన్ని అజ్ఞానం అనడం నాకు చేతకాదు. ప్రాణాన్ని కూలిలో కలిపి అమ్ముకోవలసి వచ్చినవాడి లెక్క అది. తప్పు ఆ లెక్కను అతని ముందు పెట్టిన వ్యవస్థది.

మన వర్క్‌షాపుల్లోనూ ఇదే కథ, రూపం మాత్రం వేరు. కూలి ముక్క లెక్కన వుంటే, ప్రతి అతుకుకూ గొట్టాన్ని జరుపుకునే నిమిషం కార్మికుడి జేబులోంచే పోతుంది. గ్యాసు వాడే వెల్డింగులో పెద్ద ఫ్యాను గాలి తగిలితే ఆ గ్యాసు చెదిరిపోయి అతుకులో గుల్లలు పడతాయి. అందుచేత ఫ్యాను కట్టెయ్యమని మేస్త్రీయే చెపుతాడు. చెప్పినవాడు రాక్షసుడేమీ కాదు. అతుకు చెడితే అతని లెక్కలోనే కోత పడుతుంది. మండువేసవిలో రేకుల షెడ్డు కింద ముఖానికి బిగుతుగా ముసుగు కట్టుకుని ఎనిమిది గంటలు పని చెయ్యమనేవారు ఒక్క పూట తాము కట్టుకుని చూస్తే బాగుంటుంది.

షెఫీల్డు విషయంలో బ్రిటిషు పార్లమెంటు 1867లో ఒక నిర్ణయానికి వచ్చింది. నూరే చోట ఫ్యాను పెట్టమని ఆజ్ఞాపించే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. అదే సంవత్సరం ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెలువడింది. అందులో మార్క్సు గాలిని గురించి రాసిన భాగాన్ని మన విద్యార్థులు చదివి దాటిపోతూ వుంటారు. ఒక్కొక్క పనివాడికి కనీసం 500 ఘనపుటడుగుల గాలి చోటు కావాలని వైద్యులు ఏకగ్రీవంగా చెపుతున్నారు. దాన్ని చట్టం చేస్తే వేలాది చిన్న యజమానులు ఒక్క దెబ్బతో దివాళా తీస్తారు. కాబట్టి ఆ అంగుళం దగ్గర చట్టం ఆగిపోతున్నది అని ఆయన వాదం. ఎనభై ఒక్క సంవత్సరాల తరువాత, స్వతంత్ర భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టంలో 16వ సెక్షను కొత్త ఫ్యాక్టరీల్లో మనిషికి 500 ఘనపుటడుగుల చోటు నిర్ణయించింది. తరువాత మెట్రిక్ లెక్కలోకి మార్చి 14.2 ఘనపు మీటర్లు అన్నారు. ఆ అంకె ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో మన న్యాయశాస్త్ర విద్యార్థులకు ఎవరయినా చెపుతున్నారో లేదో.

వెల్డింగు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. రష్యా సామ్రాజ్యంలో 1880 దశకంలో బెనార్డోస్ బొగ్గు కడ్డీతో, 1888లో స్లావ్యానోవ్ లోహపు కడ్డీతో విద్యుత్ వెల్డింగు సాధించారు. స్వీడనులో ఆస్కార్ షెల్‌బెర్గ్ 1900 తరువాతి దశకంలో రాడ్డుకు పూత పూయడం కనిపెట్టాడు. పూతతో అతుకు గట్టిపడింది. ఆ పూత కాలడంతో పొగా పెరిగింది. 1920లో ఇంగ్లండులో ఫుల్లగర్ అనే ఓడను రివెట్లు లేకుండా పూర్తిగా వెల్డింగుతో కట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా 2,700కు పైగా లిబర్టీ ఓడలు కట్టింది. స్త్రీలు కూడా వేల సంఖ్యలో రాడ్డు పట్టారు. ఓడ అడుగున రెండు రేకుల మధ్య ఇరుకు అరల్లో పడుకుని అతికేవారికి గాలి ఎలా అందుతుందన్న ప్రశ్న అప్పుడు ప్రభుత్వానికి కూడా తప్పలేదు; జబ్బుపడిన వెల్డరు అంటే ఆలస్యమైన ఓడ. జింకు జ్వరం మీద ప్రయోగాలు చేసిన ఆ డ్రింకరునే పిలిచి ఓడల కార్ఖానాల ఆరోగ్య సలహాదారుగా పెట్టారు. 1943లో నౌకాదళమూ, మారిటైము కమిషనూ కలిసి కనీస ఆరోగ్య ప్రమాణాలు ప్రకటించాయి. యుద్ధం గెలవాలంటే పొగ లాగే యంత్రాలకు డబ్బు దొరుకుతుంది!

సోవియట్ యూనియనును కూడా ఇక్కడ నిష్పక్షపాతంగా చూడాలి. కీవులో పాటన్ విద్యాసంస్థ, అదే కాలంలో అమెరికాలోనూ, మెరుపును పొడి కింద కప్పివుంచే పద్ధతిని అభివృద్ధి చేశారు. టి-34 టాంకులను ఆ పద్ధతిలోనే వేగంగా అతికారు. అందులో పొగ చాలా తక్కువ, కంటికి మెరుపు తగలదు. పొగను అదుపు చెయ్యడంలో ఇంత పెద్ద అడుగు బహుశా మరొకటి లేదు. కాని రెండు దేశాల్లోనూ దాన్ని తెచ్చింది వేగం కోసం. ఊపిరితిత్తులకు జరిగిన మేలు దారిలో దొరికిన లాభం. మన వైపు వారు చేశారు గనక మానవత్వంతోనే చేసివుంటారని రాసుకుంటే అది చరిత్ర కాదు.

యుద్ధానికి ముందే, 1936లో డాయిగ్, మెక్‌లాలిన్ అనే ఇద్దరు బ్రిటిషు వైద్యులు వెల్డర్ల ఛాతీ ఎక్స్‌రేలలో చుక్కలు చుక్కలుగా నీడలు చూశారు. అది ఇనుపపొడి పేరుకోవడం. పని మానేసినవారిలో ఆ నీడలు మెల్లగా తేలిపోవచ్చునని 1948లో వారే చూపించారు. పరిశోధన నిజాయితీగానే జరిగింది. కాని ‘హాని లేని నీడ’ అన్న మాట అందరికీ సుఖంగా వుండి, వెల్డింగు పొగ మొత్తానికే అంటుకుంది. నిజానికి ఆ పొగలో వున్నది ఇనుము ఒక్కటే కాదు. మాంగనీసు నరాలను పట్టుకుని, నడక తడబడేటట్టు చేస్తుందని గ్లాస్గోలో జాన్ కూపర్ 1837లోనే రాశాడు. వెల్డర్లు న్యుమోనియాతో ఇతరుల కన్నా ఎక్కువగా చనిపోతున్నారని బ్రిటిషు మరణాల పట్టికలు దశాబ్దాల పాటు చూపిస్తూ వచ్చాయి. అది వృత్తి వల్ల వచ్చేదేనని 1994లో వైద్యులు వాదించారు. 2011లో గాని అక్కడ వెల్డర్లకు టీకా సిఫార్సు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 1989లో వెల్డింగు పొగను అనుమానితుల వరసలో పెట్టింది. 2017లో మనుషులకు కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వరసలోకి మార్చింది. మధ్య 28 ఏళ్ళు. ప్రపంచంలో వెల్డర్లు సుమారు 1 కోటి 10 లక్షల మంది, వారి పక్కన నిలబడి ఆ పొగ పీల్చే ఇతర కార్మికులు సుమారు 11 కోట్ల మంది అని ఆ సంస్థ అంచనా. 2019 ఫిబ్రవరిలో బ్రిటిషు తనిఖీ శాఖ మామూలు ఇనుము వెల్డింగుకు కూడా కిటికీ గాలి చాలదు, పొగను పుట్టినచోటనే లాగాలి అని ప్రకటించింది.

అమెరికాలో పరిణామం మరీ విడ్డూరం. 1989లో అక్కడి కార్మిక భద్రతా శాఖ వందలాది పదార్థాలతో పాటు వెల్డింగు పొగకు కూడా ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు విధించింది. 1992లో ఒక అప్పీలు కోర్టు ఆ నిబంధనలన్నిటినీ ఒక్క తీర్పుతో కొట్టివేసింది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలోని విషపు క్రోమియానికి హద్దు తగ్గించమని కార్మిక సంఘమూ ఒక పౌర సంస్థా 1993లో అర్జీ పెట్టుకుంటే, కోర్టు చేత ఆజ్ఞ ఇప్పించుకున్న తరువాత, 2006లో 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దిగింది. పదమూడేళ్ళు పట్టింది. ఈ కాలమంతా పని ఒక్క రోజూ ఆగలేదు.

మన దేశానికి వస్తాను. 1948 మార్చి 14న విశాఖపట్నంలో ‘జల ఉష’ సముద్రంలోకి దిగింది. ఆ సంవత్సరమే ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దానిలోని 14వ సెక్షను నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. హాని చేసే దుమ్ము గాని ధూమం గాని పనిగదిలో పేరుకోకుండా, ఎవరూ పీల్చకుండా చర్య తీసుకోవాలనీ, లాగే యంత్రం అవసరమయితే అది పుట్టే చోటుకు వీలయినంత దగ్గరగా వుండాలనీ అది శాసించింది. ‘వీలయినంత దగ్గరగా’ అన్న మాటలో శాస్త్రం వున్నది. పొగ లాగే గొట్టం నోటి నుంచి, ఆ నోటి వెడల్పు ఎంతో అంత దూరం జరిగితే, గాలి లాగే వేగం ఇంచుమించు పదో వంతుకు పడిపోతుంది. జానెడు గొట్టాన్ని మూరెడు దూరంలో పెట్టినవాడు చట్టానికి లెక్క చూపించగలడు గాని పొగను పట్టలేడు. ఇన్‌స్పెక్టరు యంత్రం వున్నదా లేదా అని చూసి వెళ్ళిపోతాడు. దూరం కొలిచేవాడు ఎక్కడ?

భోపాల్ మారణకాండ తరువాత 1987 సవరణ వచ్చింది. వెల్డింగు పొగకు ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు పట్టికకు ఎక్కింది. ప్రమాదం ముంచుకువస్తున్నదని కార్మికుడు హెచ్చరించే హక్కు 41-హెచ్ సెక్షనులో చేరింది. మాంగనీసు విషమూ, నైట్రస్ ధూమాల విషమూ వైద్యుడు తప్పకుండా తెలియజెయ్యవలసిన జబ్బుల జాబితాలో వున్నాయి. అయితే తెలియజెయ్యాలంటే ముందు అనుమానించాలి, అనుమానించాలంటే రమజ్జీని ప్రశ్న అడగాలి. ఎక్స్‌రేలో చుక్కలు కనపడితే పని అడగని డాక్టరు క్షయ అని మందు మొదలుపెట్టే ప్రమాదం వున్నది.

ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తిభద్రత కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టంలో విద్యుత్తు వాడే చోట 10 మంది వుంటే ఫ్యాక్టరీ. కోడులో 20 మంది వుండాలి. కాని మన విజయవాడ ఆటోనగరులో, హైదరాబాదు బాలానగరులో, ప్రతి పట్టణం బస్టాండు పక్క సందులో గేట్లూ గ్రిల్లులూ చేసే దుకాణంలో ముగ్గురో నలుగురో వుంటారు. వారు పాత లెక్కలోనూ లేరు, కొత్త లెక్కలోనూ లేరు. నిజామాబాదు నుంచో కోనసీమ నుంచో గల్ఫుకు పోయే కుర్రవాడు రాడ్డు పట్టడం నేర్చుకునేది సాధారణంగా ఇటువంటి చోటనే. మార్క్సు చెప్పిన చిన్న యజమాని ఇక్కడ స్వయంగా ఆ పొగలోనే కూర్చుని వుంటాడు. అతన్ని దోపిడీదారు అని తిట్టి మనం చేతులు దులుపుకోలేము.

షెఫీల్డులోనూ సరిగా ఈ చిక్కే వచ్చింది. అక్కడ ఒక్కొక్క భవనంలో ఆవిరియంత్రం యజమానిది; నూరేవారు తలా ఒక చోటు అద్దెకు తీసుకునేవారు. ఫ్యాను పెట్టవలసింది ఎవరు? ఎవరికి వారు నాది కాదన్నారు. చివరకు 1901 ఫ్యాక్టరీ చట్టంలో ఇటువంటి అద్దె ఫ్యాక్టరీల బాధ్యతల్లో చాలా వాటిని భవనం సొంతదారు మీద పెట్టారు. మన 1948 చట్టపు 93వ సెక్షనులోనూ ఆ సూత్రం వున్నది. వేరువేరు ఫ్యాక్టరీలకు అద్దెకిచ్చిన ఆవరణలో కొన్ని ఏర్పాట్లకు సొంతదారు జవాబుదారీ. దుకాణం ఫ్యాక్టరీ అనిపించుకోనంత చిన్నదయితే మాత్రం ఆ సెక్షను అక్కరకు రాలేదు. పారిశ్రామికవాడలో స్థలం ఇచ్చేది ప్రభుత్వ సంస్థ, షెడ్డు కట్టి అద్దె తీసుకునేది మరొకరు. రోడ్డూ, మంచినీళ్ళూ, కరెంటూ ఉమ్మడిగా ఇవ్వగలిగినప్పుడు వరస షెడ్లకు ఒక ఉమ్మడి పొగ గొట్టం, పనిచోటికి ఒక్కొక్క వంగే మెడ ఎందుకు ఇవ్వకూడదు? అద్దె కాగితంలో ఆ షరతు రాయించమని అడగడానికి పది మంది వుండవలసిన పని లేదు, ఇరవై మంది వుండవలసిన పనీ లేదు.